చదువరుల గోష్ఠిలో చిలుకయు, పిల్లియు, కుక్కయు

పుస్తకప్రియులు నలుగురు కూడినచోట మాటలు కావ్యముతో మొదలై కుక్కపిల్లతో ముగియునని కొందఱు పెద్దలు పరిహసింతురు. ఈ పరిహాసములో సత్యము లేకపోలేదు. ఒకరు తాము చదువుచున్న నవలనుగూర్చి చెప్పుచుండగా, రెండవవారు అట్టి నవలయే తమ యింటి పిల్లి గోళ్లకు చిక్కి యెట్లు చినిగెనో చెప్పుదురు. మూడవవారు తాము పుస్తకము చేతబట్టినంతనే తమ కుక్క కాళ్లకడకు వచ్చి పరుండునందురు. ఇక ఆ సాయంకాలమునకు నవల ముగిసినట్లే. గంభీరులు దీనిని కాలవ్యయ మందురు. గ్రంథము మనుష్యుని మృగత్వమునుండి తప్పించుటకు గదా, గ్రంథగోష్ఠిలో మృగముల ప్రసంగ మేల యని వారి వాదము. నాకు మాత్రము, మన దేశమున చదువు నడచివచ్చిన త్రోవను కొంచెము వెనుకకు తిరిగి చూచినచో, ఆ త్రోవపొడుగునను జంతువుల యడుగుజాడలే కానవచ్చుచున్నవి. చదువు ఎవరికి దొరకినది, ఎవరికి దొరకలేదు, చదివినవాడు తాను చదివినదానిని ఏమి చేసికొనెను అను ప్రశ్నలకు ఆ జాడలు కొంత సమాధానము చెప్పగలవు.

మా చేబ్రోలునుండియే యారంభింతును. గుంటూరునుండి పొన్నూరుమీదుగా బాపట్లకు పోవు త్రోవలోనున్న యీ యూరు నేటి బాటసారికి ఒక పెద్దగ్రామము మాత్రమే. దీని పూర్వనామములు తాంబ్రాపె, తామ్రపురి. ఇచ్చటి భీమేశ్వరాలయమున దొరకిన విజయశాతకర్ణి శాసనము క్రీ. శ. 207 నాటిదనియు, దక్షిణభారతమున అంతవఱకు లభించిన సంస్కృతశాసనములలో అదియే మిక్కిలి ప్రాచీనమనియు పురావస్తుశాఖవారు 2019 లో ప్రకటించిరి. పదవ శతాబ్దినాటి యుద్ధమల్లుని బెజవాడ శాసనము చేబ్రోలి కుమారస్వామిని పేర్కొనుచున్నది. ఆ స్వామి చేబ్రోలునుండి బెజవాడకు జాతర చూడబోయి, ఆ చోటు నచ్చి అచ్చటనే నిలిచిపోయెనట. మా యూరివారికి ఇప్పటికిని ఈ స్వభావము కొంత మిగిలియున్నదని నా యభిప్రాయము. కుమారస్వామి వాహనము నెమలి, ధ్వజము కోడి. బాలుడైన యాతనికి గరుత్మంతుడు నెమలిని, అరుణుడు కోడిని కానుకగా నిచ్చిరని భారతకథ. వాసిరెడ్డి వేంకటాద్రినాయడు ఇచ్చట కట్టించిన చతుర్ముఖ బ్రహ్మాలయమువలన, నెమలి విడిచిపోయిన యూరికి హంస వచ్చినదని చమత్కరింపవచ్చును.

అయినను నేను చెప్పదలచినది దేవతల వాహనములనుగూర్చి కాదు, ఒక మనుష్యునిగూర్చి. కాకతీయ గణపతిదేవుడు దివిసీమను లోబఱచుకొన్న పిమ్మట, ఆ సీమ నేలిన వంశమునందలి నారమ, పేరమ యను కన్యలను వివాహమాడి, వారి సోదరుడగు జాయనకు గజసాహిణి పదవి నిచ్చెను. గజసాహిణి యనగా ఏనుగుల దళమున కధికారి. జాయనకు తామ్రపురి లభించుటయు, అతడిచ్చట తండ్రిపేర శివాలయము కట్టించుటయు 1213 నాటి చేబ్రోలు శాసనమువలన తెలియుచున్నది. ఆ గజసాహిణియే నలుబది సంవత్సరముల పిమ్మట, 1253–54 ప్రాంతమున, నృత్తరత్నావళి యను సంస్కృతగ్రంథమును రచించెను. ఎనిమిది యధ్యాయముల యీ గ్రంథములో మొదటి నాలుగు మార్గనృత్తమునకును, తక్కిన నాలుగు దేశినృత్తమునకును సంబంధించినవి. డాక్టరు వే. రాఘవన్‌గారు దీనిని పరిష్కరించి 1965 లో మద్రాసున ప్రకటించిరి. 1969 లో రాళ్లపల్లి అనంతకృష్ణశర్మగారి తెనుగుసేత వెలువడెను.

యుద్ధములో ఏనుగులను నడపినవాడు నాట్యశాస్త్ర మెట్లు వ్రాసెనని మా గోష్ఠిలో నొకరు ఆశ్చర్యపడిరి. నాకు ఆశ్చర్యము లేదు. నూటయెనిమిది కరణముల పేళ్లు చూడుడు: గజక్రీడితము, మయూరలలితము, హరిణప్లుతము, సింహవిక్రీడితము, నాగాపసర్పితము. మన నాట్యశాస్త్రమున సగముపాలు జంతువుల నడకలను నిలువబడి చూచినవారి విద్య. ప్రతిదినము ప్రాతఃకాలమున ఏనుగుల వరుస నీటికి పోవుట చూచినవానికి, బరువైన దేహము తేలికగా నడుచుట యెట్లో యొకరు చెప్పనక్కఱలేదు. ఇది శాసనములలో లేదు, నా యూహ. ఏనుగు జాయనకు పెంపుడుజంతువని నేననను. అది యుద్ధసాధనము, రాజుగారి సొత్తు. దానిని కడిగి మేపిన మావటివాని పేరు ఏ శాసనమునను లేదు. ఆ మావటి నృత్తరత్నావళిని చదువగలిగియుండునని నమ్ముటకును ఆధారము లేదు. జంతువును చూచినవా డొకడు, ఆ చూపును గ్రంథముగా మార్చగలిగినవా డొకడు. నడుమ నున్నది అక్షరము.

ఏనుగు రాజద్వారపు జంతువు. ఇంటిలోనికి వచ్చి చదువుతో చెలిమి చేసినది చిలుక. సంస్కృత వాఙ్మయమున చిలుకకు గల పాండిత్యము ఏ పండితునకును తీసిపోదు. బాణుని కాదంబరిలో, శూద్రకమహారాజు కొలువునకు చండాలకన్యక పంజరముతో తెచ్చిన వైశంపాయను డను చిలుకయే కథను నడపును. మండనమిశ్రుని యిల్లెక్కడ యని శంకరులు అడుగగా, ఏ వాకిట పంజరములలోని చిలుకలు ప్రామాణ్యవాదము చేయుచుండునో అదియే యని నీటికి పోవు దాసీలు చెప్పిరని శంకరవిజయకథ. ఈ కథ చెప్పునపుడు మనవారు మండనుని వైభవమునే మెచ్చుకొందురు. ఆ చిలుకలకు కలిగిన విద్యాభాగ్యము ఆ నీళ్లు మోయు దాసీలకు కలిగెనా యని యెవరును అడుగరు.

శుకసప్తతి కథ పలువు రెఱిగినదే. భర్త దేశాంతర మేగెను. భార్య ప్రభావతి రాత్రివేళ గడప దాటనెంచెను. ఇంటనున్న గోరువంక అది తగదని ముఖముమీదనే మందలించి, మెడ నులిమించుకొనబోయి, ఎట్లో యెగిరి బయటపడెను. చిలుక మాత్రము, పోదలచినచో పొమ్ము తల్లీ, కాని ఫలానివా రట్టి చిక్కున పడినప్పుడు చేసిన యుపాయము నీకు తెలియునా యని కథ మొదలుపెట్టెను. డెబ్బది రాత్రులు కథలతోనే గడచినవి, భర్త తిరిగివచ్చెను. ఇరువదేండ్లుగా బడిపంతులుగా నున్న నాకు ఈ పక్షులు రెండును బాగుగా పరిచితములు. మా వృత్తిలో గోరువంకలే యెక్కువ.

ఈ చిలుక యొక్క భాషతో తృప్తిపడలేదు. 1330 లో నఖ్షబీ యను పారసీకకవి దీనిని తూతీనామా యను పేర ఏబదిరెండు రాత్రుల కథగా కూర్చెను. గోలకొండలో అబ్దుల్లా కుతుబుషాహి కాలమున, 1639 లో, గవ్వాసీ యను కవి దానిని దక్కనీభాషలో పద్యకావ్యము చేసెను. ఆ పదునేడవ శతాబ్దిలోనే పాలవేకరి కదిరీపతి తెనుగున శుకసప్తతి వ్రాసెను. ఒకే దేశమున, ఒకే కాలమున, రెండు భాషలలో, రెండు మతములవారి యిండ్లలో ఒకే చిలుక కథ చెప్పుచుండెను! తరువాత అయ్యలరాజు నారాయణామాత్యుడు హంసవింశతి వ్రాసెను. అందు చిలుకకు బదులు హంస, ప్రభావతికి బదులు హేమవతి. నాటి యాటలు, సరకులు, వృత్తులు, పనిముట్లు తెలిసికొనగోరువారికి ఆ గ్రంథ మొక నిఘంటువు. అందలి శృంగారమును ఆక్షేపించి దానిని పెట్టెలో దాచిన మన సంస్కర్తలు, ఆ నిఘంటువునుగూడ దానితోపాటే దాచిపెట్టిరి.

ఈ కథలయందు గమనింపదగిన దొకటి గలదు. వినునది స్త్రీ, చెప్పునది పక్షి, తలుపు మూసియున్నది. ఆ స్త్రీ తనంతట పుస్తకము తీసి చదువుకొన్నట్లు కథలో లేదు. ఆమె యెవరితోనైన నాలుగు మాటలు చెప్పుకొన్నట్లును లేదు. భర్త పంజరములోని పక్షి నామెకు కాపుంచెను. ఆ పక్షి తానును బందీయే. ఒక బందీ మఱియొక బందీకి కథ చెప్పి తెల్లవాఱు వఱకు ఆపుచున్నది. ఇట కథయే తలుపునకు గడియ.

పింగళి సూరన్న మాత్రము వేఱొక పక్షిని సృష్టించెను. పదునాఱవ శతాబ్దినాటి ప్రభావతీ ప్రద్యుమ్నమున శుచిముఖి యను హంసి సరస్వతికడ విద్య నేర్చినది, మాటనేర్పరి, లోకజ్ఞురాలు. వజ్రనాభుడు తన పురమున కెవరును రాకుండ కట్టుదిట్టము చేసికొనియుండగా, ఈ హంసి యతని యంతఃపురము చొచ్చి, అతని కూతురు ప్రభావతికి బయటిలోకపు వార్త నందించెను. నాయికల పేళ్లు రెండుచోట్లను ఒక్కటియే యగుట యాదృచ్ఛికము కావచ్చును. కాని ఒక ప్రభావతికి చిలుక తలుపు మూసెను, మఱియొక ప్రభావతికి హంసి తలుపు తెఱచెను. చదువును ఈ రెండు పనులకును వాడవచ్చునని మన పూర్వకవులకు తెలియకపోలేదు.

ఇవి కావ్యములలోని మాటలు. మా గోష్ఠికి వచ్చు నొక వృద్ధమిత్రుడు చెప్పిన సంగతి యొకటి యిచ్చట వ్రాయుచున్నాను. ఆయన పితామహి పసితనముననే భర్తను గోల్పోయి, అక్షరము నేర్వక, వంటయింటికిని పెరటికిని నడుమ బ్రదుకు వెళ్లబుచ్చినది. మగవారు సావడిలో భాగవతము చదువుచుండగా ఆమె గోడ యివతల విని పద్యములు పట్టుకొనెడిది. పట్టుకొన్నవానిని పెరటిలోని చిలుకకు నేర్పెడిది. కొన్నాళ్లకు తనకొక పాదము మఱపువచ్చినచో చిలుకకు ఎత్తుగడ యందించును, అది తక్కినది పలుకును. ఆమెకు ఆ పక్షియే పుస్తకము. అది దాచుకొన్న పద్యములకు వేఱొక ప్రతి లేదు. ఆమె పోయిన పిదపగూడ ఆ చిలుక కొంతకాలము ఆమె గొంతుతోనే పద్యపాదములు పలుకుచుండెననియు, ఇంటివారు అది వినలేక పంజరమును పొరుగువారి కిచ్చివేసిరనియు మా మిత్రుడు చెప్పెను. ఆ రాత్రి మా గోష్ఠిలో పుస్తకముల ప్రసంగ మంతతో నిలిచిపోయినది.

ఇట్టి యిండ్లకే వీరేశలింగముపంతులుగారు 1874 లో ధవళేశ్వరమున బాలికాపాఠశాలను, 1883 లో సతీహితబోధినీ పత్రికను తెచ్చిరి. తమ్ముడు కొమఱ్ఱాజు లక్ష్మణరావుగారు చదువుచుండగా చూచి అక్షరములు నేర్చిన భండారు అచ్చమాంబగారు 1901 లో అబలాసచ్చరిత్రరత్నమాలను ప్రకటించిరి. 1902 లో హిందూసుందరి వెలువడెను. పుస్తకము చేతికి వచ్చిన స్త్రీకి చిలుక నడిగి పద్యము చెప్పించుకొను పని తీఱెను. పంజరము మాత్రము వసారాలో నట్లే వ్రేలాడుచుండెను. పంతులుగారు స్త్రీవిద్యనుగూర్చియే గాక జంతుస్వభావచరిత్ర యను పుస్తకమునుగూడ వ్రాసిరన్న మాట మనము అంతగా జ్ఞాపకముంచుకొనలేదు.

బడిపంతులుగా నాకు చిలుకమీద వేఱొక యభియోగముగూడ గలదు. మన వీథిబడులలో బాలురు అమరమును అర్థము తెలియకయే వల్లించుచుండగా, దానిని చిలుకచదువని యాక్షేపించితిమి. ఆక్షేపించిన మనమే చిలుకను పట్టి తెచ్చి, దానికి మన మాటలు వల్లింపజేసి, పలికినప్పుడెల్ల జామపండు పెట్టి సంతోషించితిమి. చిలుకకు తన భాష తనకు గలదు. పంటచేల మీద సాయంకాలమున గుంపుగా పోవునపుడు అది పలుకు పలుకులలో రామనామము లేదుగాని, అర్థము లేదని యెవరనగలరు?

ఇక పిల్లిమాట. పిల్లికి మన వాఙ్మయమున మంచిపేరు లేదు. చిన్నయసూరి 1853 లో ప్రకటించిన నీతిచంద్రికను చదివిన ప్రతివానికిని దీర్ఘకర్ణ మను మార్జాలము జ్ఞాపకముండును. తపస్సు చేయుచున్నానని చెప్పి, గ్రుడ్డిగ్రద్దను నమ్మించి, చెట్టుతొఱ్ఱలోని పక్షిపిల్లలను తినివేసిన కపటసన్న్యాసి యది. బాలుర కిది కథ. పెద్దలకు, తమ యెఱుకలోని సన్న్యాసులు కొందఱు జ్ఞప్తికి వత్తురు. హితోపదేశముననే దధికర్ణ మను వేఱొక పిల్లి గలదు. సింహపుజూలు కొఱుకు నెలుకకై సింహము దానిని పిలిచి మాంసముపెట్టి పోషించెను. ఎలుక చచ్చిన మఱునాటినుండి పిల్లిని అడుగువారు లేరు. కొలువు చేయువా రందఱును ఈ కథను కంఠస్థము చేయదగును.

కాని గ్రంథచరిత్ర వ్రాయువాడు పిల్లికి కృతజ్ఞత చెప్పక తీఱదు. తాటాకు పుస్తకమునకు శత్రువులు మూడు: తేమ, పురుగు, ఎలుక. తేమకై యేటేట ఎండలో పెట్టిరి. పురుగునకై పసుపు పూసిరి, వాసననూనెలు రాచిరి, గుడ్డలో గట్టిగా చుట్టి పలకల నడుమ బిగించిరి. ఎలుకకు మాత్రము ఆకైనను గుడ్డయైనను త్రాడైనను ఒక్కటియే. అటకమీది తాటాకుల కట్టలు కొన్ని తరములపాటు ఎలుకపంటి కందక నిలిచినచో, అందు పిల్లికి భాగ మెంతో ఎవరు లెక్కించిరి? ఎదురుగ వచ్చినచో పిల్లిని శపించిన పండితుడే, అటకమీద నీనినప్పుడు దానిని తఱుమక కూనలను అచ్చట పెరుగనిచ్చెను. పరీక్షకు పోవు కుఱ్ఱవానికి పిల్లి యెదురైనదని ఇంటిలోనికి పిలిచి, నీళ్లు త్రాగించి, కూర్చుండబెట్టి, గంట యాలస్యము చేసి పంపిన తల్లిదండ్రులు ఇప్పటికిని గలరు. వానికి కీడు చేసినది పిల్లి కాదు, ఆ గంట.

పాశ్చాత్యులు పిల్లికి చరిత్రలో చోటిచ్చిరి. లండనులోని బ్రిటిషు మ్యూజియము వాకిట 1909 మొదలు 1929 వఱకు మైకు అను పిల్లి కాపుండెను. ఈజిప్టు పురాతత్త్వమున ప్రసిద్ధుడగు వాలిస్ బడ్జి దానిని పోషించి, అది చనిపోగా దాని జీవితమును వ్రాసి ప్రకటించెను. ఆంగ్లనిఘంటుకారుడగు జాన్సను పండితుడు హాడ్జి యను తన పిల్లికి ఆలిచిప్పలు కొనుటకు తానే బజారునకు పోవుచుండెనట. ఆ పని సేవకులకు చెప్పినచో వారు పిల్లిపై విసుగుకొని దాని నేమి చేయుదురో యని యాతని భయము. ఈ చిన్న సంగతిని బాస్వెలు వ్రాసియుంచుటవలన మనకు జాన్సనుని వ్యాకరణపాండిత్యముకంటె మనసు ఎక్కువగా తెలిసినది. తన ప్రేమ పరుల నెత్తిన బరువు కారాదని యాతడు తలచెను. మన యిండ్లలో కుక్కను ముద్దాడువా రొకరు, దాని మలమును ఎత్తువారు వేఱొకరు. కూలిచ్చి యెత్తించుకొను ప్రేమను జాన్సను మెచ్చుకొనియుండడు.

కుక్కయొద్దకు వత్తము. తెనుగువాని మొదటి మహాకావ్యము నన్నయ భారతము. అందు కథ యెచ్చట మొదలగునో మనము తఱచుగా మఱచిపోదుము. జనమేజయుడు సత్రయాగము చేయుచుండగా సరమ యను దేవశుని కొడుకు అచ్చటికి వచ్చెను. అది హవిస్సును ముట్టలేదు, చూడనైన లేదు. అయినను రాజుతమ్ములు దానిని కొట్టిరి. అది యేడ్చుచు తల్లికడకు పోయెను. తల్లి సభకు వచ్చి, నిరపరాధిని కొట్టినవారికి అనుకొనని యాపద వచ్చునని రాజునెదుట నిలిచి చెప్పెను. రాజు భయపడి ఆ దోషశాంతికై పురోహితుని వెదకికొనుచు పోయెను. పదునెనిమిది పర్వముల చివర, మహాప్రస్థానమున, తిక్కన చెప్పిన కథలో ధర్మరాజునకు స్వర్గరథము వచ్చును. వెంటవచ్చిన కుక్క నెక్కింపరాదని యింద్రు డనును. నన్ను నమ్మివచ్చినదానిని విడువను, రథము నాకక్కఱలేదని ధర్మరాజు నిలిచిపోవును. ఇంత గొప్ప కుటుంబకలహగ్రంథమునకు మొదటి వాక్యము దెబ్బతిన్న కుక్కది, చివరి పరీక్ష వెంటవచ్చిన కుక్కది.

ఈ భారతమును మన యూళ్లలో ఎట్లు చదివిరి? ఒకడు చదువును, ఒకడు అర్థము చెప్పును, ఊరివారు అరుగుమీదను వీథిలోను కూర్చుండి విందురు. అరుగుక్రింద కుక్క పరుండును. సరమకథ చదువుచుండగనే, దగ్గఱకు వచ్చిన కుక్కను కఱ్ఱతో నదలించిన పురాణశ్రోతలను నేను బాల్యమున చూచితిని. అంతేకాదు, ఆ పురాణము వినుటకు అరుగు నెక్కగలవారు కొందఱు, దూరముగా వీథిమలుపున నిలువవలసినవారు కొందఱు. కుక్క వచ్చి పరుండగలిగిన చోటికి మనుష్యులు కొందఱు రాగూడదన్న యాచారము చిరకాలము నడచినది. కావున జంతుదయను మాత్రమే పొగడి యూరకుండుట నాకు తగదు. కుక్కకు అన్నము పెట్టి మనుష్యునకు నీళ్లు పోయనివాని దయను దయ యనుటకు నాకు నోరు రాదు.

ఈ యరుగు చదువును మార్చినది గ్రంథాలయోద్యమము. 1914 లో బెజవాడలో ఆంధ్రదేశ గ్రంథాలయసంఘ మేర్పడెను. అయ్యంకి వేంకటరమణయ్యగారు ఆ యుద్యమమునకు ప్రాణము పోసిరి. 1918 లో వేటపాలెమున సారస్వతనికేతనము పుట్టెను. మా తెనాలిప్రాంతపు పెదపాలెమున పాతూరి నాగభూషణముగారు 1935 లో పడవమీద గ్రంథాలయము పెట్టి, కాలువవెంట కొల్లూరునుండి పెదవడ్లపూడి వఱకు ఊరూర ఆపి పుస్తకములు పంచిపెట్టించిరి. పడవ వచ్చుదినమునకై రేవున కాచుకొనియుండిన పిల్లవాని మనసు నేటివారు ఊహించుట కష్టము. పుస్తకము ఇంటికి తెచ్చుకొనుట యనునది దానితో పల్లెవానికిగూడ అలవాటయ్యెను.

ఇంటికి తెచ్చుకొన్న పుస్తకమును ఒక్కడే చదువును. పెదవి కదపక, మనసులో చదువును. అరుగుమీద నున్నప్పుడు ఇరువదిమంది శ్రోతలు గలరు, నవ్వు వచ్చినచో కలిసి నవ్విరి, కంటనీరు వచ్చినచో ఒకరి నొకరు చూచుకొనిరి. గదిలో నొక్కడే చదువువానికి ఎవరు గలరు? పిల్లి గలదు, కుక్క గలదు. చదువువాడు కదలక కూర్చుండును, ఆ రెండింటికిని కదలనివాని చెంత హాయి. పుస్తకప్రియులు నలుగురు కూడినప్పుడు మాటలలో పిల్లులును కుక్కలును దొరలుటకు కారణ మిదియే యని నాకు తోచుచున్నది. అవి వారి యేకాంతపఠనమునకు సాక్షులు. తాము చదువునప్పుడు తమ్ము చూచినవారినిగూర్చి చెప్పుకొనుట చదువునుగూర్చి చెప్పుకొనుటయే గదా. ఈ విషయమున మా గోష్ఠిలోని గంభీరులు నాతో నింకను ఏకీభవింపలేదు.

సాక్షులయెడ మన బాధ్యత యేమి? చట్టము కొంత చెప్పినది. నాట్యశాస్త్రముతో మొదలుపెట్టితిని గనుక ఈ సంగతి చెప్పుట యుచితము. భరతనాట్యమునకు గౌరవము తెచ్చి, 1936 లో మద్రాసున కళాక్షేత్రము స్థాపించిన రుక్మిణీదేవి అరండేలుగారే, 1952 లో రాజ్యసభకు నియమింపబడిన పిమ్మట, జంతుహింసానివారణమునకై బిల్లు ప్రవేశపెట్టిరి. 1960 లో జంతుహింసానివారణ చట్టము వచ్చినది. దాని ననుసరించి 1962 లో ఏర్పడిన జంతుసంక్షేమమండలికి ఆమెయే అధ్యక్షురాలు. మయూరలలితమును నర్తించువారు మయూరమును మఱవలేదు. తరువాత 1972 నాటి వన్యప్రాణిసంరక్షణ చట్టముచే మన దేశపు చిలుకను పట్టుట, అమ్ముట, పంజరమున పెట్టుట నిషిద్ధములయ్యెను. అర్ధశతాబ్దము గడచినది. అయినను సంతలలో చిలుకలు దొరకుచునే యున్నవి, చిలుకజోస్యము చెప్పించుకొనువారిలో పట్టభద్రులును గలరు.

ఈ చట్టపు మాట వచ్చినప్పుడు మా వృద్ధమిత్రుని మనుమరాలు, తాతగారూ, మీ నాయనమ్మగారు నేడుండినచో ఆ చిలుకను ఏమి చేసియుందురని యడిగినది. ఆమెకు చదువు వచ్చియుండినచో చిలుకతో పనియే యుండదని యొకరనిరి. చదువు వచ్చినను ఒంటరితనము పోవునా యని మఱియొకరనిరి. వృద్ధుడు చాలసేపు ఆలోచించి, ఆమెను ఎవరైన ఒకసారి బయటికి పోనిచ్చియుండినచో, ఆమెయే దానిని విడిచియుండునని మెల్లగా చెప్పెను.

ఈ సంవత్సరము బడిలో పిల్లలకు సరమకథ చెప్పితిని. పాఠము ముగిసిన పిదప ఒక పిల్లవాడు లేచి, సరమ పోయి రాజుగారితో చెప్పుకొన్నది, మన వీథిలో కుక్కలు ఎవరితో చెప్పుకొనునని యడిగెను. 1960 నాటి చట్టమును గూర్చి నాకు తెలిసినంత చెప్పితిని. వానికి తృప్తి కలుగలేదు. మఱునాడు వాడును వాని స్నేహితులును కలిసి, బడిగోడ ప్రక్కను కుక్కలకును పశువులకును నీళ్లతొట్టి కావలెనని పంచాయతీవారికి అర్జీ వ్రాసి తెచ్చిరి. అక్షరదోషములు దిద్ది పంపితిని. ఇటుకలు వచ్చినవి. దినదినము నీరు నింపుట యెవరి వంతనుదానిపై పిల్లలలో వివాదము జరుగుచున్నది.